ఆంధ్ర మహిళా సభ: మద్రాసులో పుట్టి మద్రాసులోనే నిలిచిన తెలుగు స్త్రీల సంస్థ

చెన్నై అడయారు వైపు వెళ్ళే ఒక పెద్ద రోడ్డుకు డాక్టర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. రాజమండ్రిలో పుట్టిన తెలుగు ఆడపడుచు పేరు అక్కడ తమిళ అక్షరాలలో కనిపిస్తుంది. ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ 1937లో మైలాపూర్‌లో మొదలైంది. ఆడపిల్లల చిన్న సంఘంగా మొదలై చదువు, హాస్టలు, వైద్యం, నర్సు శిక్షణ, వికలాంగ పిల్లల సేవ దాకా విస్తరించింది.

స్వరాష్ట్రం బయట తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు ఈ సంస్థ చరిత్ర తెలియడం అవసరం. మనకు ప్రతి ఊళ్ళోనూ తెలుగు సంఘం ఉంది. చాలా సంఘాలకు మహిళా విభాగమూ ఉంది. ఉగాది పచ్చడి, ముగ్గుల పోటీ, సంక్రాంతి బొమ్మల కొలువు, ఏటా ఒక సన్మానం అక్కడ జరుగుతూనే ఉంటాయి. అవి ఉండాలి, పిల్లలకు అవే మొదటి పరిచయం. అయితే 1953లో తెలుగు రాష్ట్రం వేరుపడి వెళ్ళిపోయిన తర్వాత కూడా ఒక తెలుగు మహిళా సంస్థ మద్రాసులో ఎలా నిలబడింది, ఏ పని దాన్ని నిలబెట్టింది అన్నది మన మహిళా విభాగాలు ఒకసారి చూసుకోవలసిన విషయం. అందుకోసం తెలిసిన వివరాలను ఒకచోట చేర్చి ఇక్కడ ఇస్తున్నాను.

ఆనాటి మద్రాసు

1937 నాటికి మద్రాసు ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని. కోస్తా జిల్లాలు, రాయలసీమ ప్రజలకు హైకోర్టు, సెక్రటేరియట్, పెద్దాసుపత్రి, లా కాలేజీ అన్నీ అక్కడే. ప్లీడర్లు, గుమాస్తాలు, పత్రికల వాళ్ళు, సినిమా వాళ్ళు, వ్యాపారులు కుటుంబాలతో అక్కడ స్థిరపడ్డారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఆంధ్రపత్రిక 1914లోనే మద్రాసుకు వచ్చింది. మైలాపూర్‌లోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లో 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒప్పందమే శ్రీబాగ్ ఒడంబడిక. అంటే మగవాళ్ళు తెలుగు రాష్ట్రం గురించి మాట్లాడుకుంటున్న ఆ సంవత్సరంలోనే, అదే మైలాపూర్‌లో, ఆడపిల్లల చదువు కోసం ఈ సంస్థ మొదలైంది.

స్త్రీల సంఘాలు మద్రాసుకు అప్పటికే కొత్త కాదు. సిస్టర్ సుబ్బలక్ష్మి బాలవితంతువుల చదువు కోసం పాటుపడ్డారు. 1917లో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. 1930లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి అవ్వై హోమ్ స్థాపించారు. తెలుగు నేల మీద చూస్తే 1902లో బండారు అచ్చమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతుల శారదానికేతనం ఆడపిల్లలకు చదువు, చేతిపని నేర్పింది.

అయినా మద్రాసులోని తెలుగు కుటుంబాలలో ఒక లోటు మిగిలిపోయింది. చిన్నప్పుడే పెళ్ళయిన వాళ్ళు, భర్త పోయి పుట్టింటికి వచ్చిన వాళ్ళు, నాలుగైదు తరగతులతో చదువు ఆగిపోయిన వాళ్ళు ఇళ్ళలో ఉండిపోయారు. పదహారు, ఇరవై ఏళ్ళ వయసులో చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి వాళ్ళు ఒప్పుకోరు, ఇంట్లో పంపనూ పంపరు. బడి ఫైనలు పరీక్ష పాసు కానిదే టీచరు ఉద్యోగమూ లేదు, నర్సు శిక్షణా లేదు.

స్థాపకురాలు

దుర్గాబాయి 1909 జూలై 15న జన్మించారు. ఎనిమిదో ఏటే పెళ్ళి చేశారు. ఊహ తెలిసిన తర్వాత ఆమె ఆ సంబంధాన్ని అంగీకరించలేదు. పుట్టింటివారి అండతో ఆ పెళ్ళి నుంచి బయటికి వచ్చారు. హిందీ నేర్చుకుని, పసితనం వీడకముందే కాకినాడలో బాలికల హిందీ పాఠశాల నడిపారు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ముసల్మాను స్త్రీలు ఆయనను కలుసుకోవాలని ఆమె పట్టుబట్టారు. అందుకు అడిగిన విరాళం కూడబెట్టి, ప్రత్యేకంగా స్త్రీల సభ ఏర్పాటు చేశారు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ఆ సభలో గాంధీజీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించింది కూడా ఆమే.

1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా ఉన్న ఆమె, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పంపలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చాకే పంపారు. ఈ కథ మనలో చాలామందికి తెలుసు. దాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. సంఘం లెక్కలు చూసే వాళ్ళకు మాత్రం అందులో ఇంకొకటి కనిపిస్తుంది. నియమం పెట్టుకున్నాక పెద్దవాళ్ళకు ఒకటి, మామూలు వాళ్ళకు ఒకటి ఉండకూడదు. తర్వాతి కాలంలో ఆమె నడిపిన సంస్థలకు కావలసింది ఈ పద్ధతే.

1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో పాల్గొని జైలుకు వెళ్ళారు. 1933 లోపల మూడుసార్లు జైలుశిక్ష అనుభవించారు. మదురై జైలులో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. విడుదలయ్యాక చదువు మీద దృష్టి పెట్టి, బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చున్నారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942లో లా పట్టా తీసుకున్నారు. మహిళా సభ మొదలైన 1937లో ఆమె ఇంకా విద్యార్థినే.

లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్

సభకు ముందు రూపం ఒక బాలికల సంఘం. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. మైలాపూర్ తెలుగు ఇళ్ళ ఆడపిల్లలు ఒకచోట చేరి హిందీ నేర్చుకోవడం, పాటలు, నాటకాలు, చేతిపనులు నేర్చుకోవడం దాని కార్యక్రమం. ఈ మాత్రం ఈనాడు మన ఏ సంఘంలోనైనా జరుగుతుంది. తేడా ఆ తర్వాత అడుగులో ఉంది.

పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే అక్కలు, పిన్నులు, వితంతువులు కూడా చదువు కావాలన్నవాళ్ళే. ఇంటి దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు ప్రైవేటుగా రాయడానికి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షలో వీలుండేది. తాను నడిచిన దారే కాబట్టి దుర్గాబాయికి దాని మెలకువలు తెలుసు. సభ ఈ పరీక్షకు తరగతులు పెట్టింది. ఏళ్ళ తరబడి సాగే బడి చదువును కుదించి, పరీక్షకు కావలసినంత మేరకు కొద్దికాలంలో చెప్పడం అందులో పద్ధతి. పెద్ద వయసు స్త్రీకి లోకజ్ఞానం ఉంటుంది, పట్టుదల ఉంటుంది. లెక్కలు, ఇంగ్లీషు వంటి వాటికి సాయం చేస్తే మిగతావి త్వరగా పట్టుకుంటుంది. ఈ నమ్మకం మీదే తరగతులు నడిచాయి.

ఆ తరగతులు సభ స్వభావాన్ని మార్చాయి. సాయంత్రం కాలక్షేపానికి వచ్చే సంఘానికి హాజరుపట్టీ అక్కర్లేదు. పరీక్షకు పంపే సంఘానికి హాజరుపట్టీ, ఫీజు రశీదు, టీచరు, పుస్తకాలు, నెలవారీ ఖర్చు అన్నీ కావాలి. ఫలితాలు వచ్చినప్పుడు ఎందరు పాసయ్యారో ఊరంతటికీ తెలుస్తుంది. విరాళం ఇచ్చేవాళ్ళకు తమ డబ్బు ఏమయిందో కళ్ళ ఎదుట కనిపిస్తుంది.

ఒక పని నుంచి ఇంకొక పని

సభ చరిత్రలో గమనించవలసింది, పనులు ఒకదాని వెనక ఒకటి అవసరాన్ని బట్టి రావడం.

చదువుకోవడానికి జిల్లాల నుంచి వచ్చే స్త్రీకి నగరంలో ఉండే చోటు కావాలి. అందుకని హాస్టలు. పరీక్ష పాసైన స్త్రీకి బతుకుతెరువు కావాలి. అందుకని టీచరు, నర్సు శిక్షణ. పరీక్ష దాకా రాలేని స్త్రీకి కుట్టుపని, నేతపని వంటి చేతివృత్తులు. నర్సులకు శిక్షణ ఇవ్వాలంటే ఆసుపత్రి ఉండాలి. ఆసుపత్రి ఉంటే ఆ పేటలోని పేద గర్భిణులకు, పసిపిల్లలకు వైద్యం అందుతుంది. ఈ విధంగా సభ పెట్టిన చిన్న నర్సింగ్ హోమ్ క్రమంగా పెరిగింది. ఇప్పుడు అడయారులో ఉన్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్ జనరల్ ఆసుపత్రి.

దూరాన ఉన్న సభ్యులకు సంగతులు చేరడానికి ‘ఆంధ్ర మహిళ’ అనే పత్రికను కూడా నడిపారు. దానికి దుర్గాబాయి సంపాదకురాలు. స్త్రీల చదువు, ఆరోగ్యం, చట్టం గురించి తెలుగులో వచ్చే వ్యాసాలకు ఆ పత్రిక చోటిచ్చింది.

డబ్బు విషయానికి వస్తే, జమీందారీ కుటుంబాలు, వ్యాపారులు, సినిమా రంగం వాళ్ళు, మధ్యతరగతి ఇళ్ళు, అందరి దగ్గరికీ విరాళాల పుస్తకం వెళ్ళింది. తర్వాత ప్రభుత్వ గ్రాంట్లు వచ్చాయి. గ్రాంటు తీసుకునే సంస్థకు రిజిస్ట్రేషను, ఆడిట్ చేసిన లెక్కలు, కార్యవర్గం తీర్మానాలు తప్పనిసరి. ఈ కాగితాలు చాలామందికి విసుగు. అయితే సంస్థ ఒక మనిషి మీద ఆధారపడకుండా నడవాలంటే ఇవే ఆధారం. సభ చరిత్రను దుర్గాబాయే ‘ది స్టోన్ దట్ స్పీకెత్’ అనే ఇంగ్లీషు గ్రంథంగా రాశారు. ‘చింతామన్ అండ్ ఐ’ ఆమె జ్ఞాపకాల పుస్తకం.

రాష్ట్రం వెళ్ళిపోయింది, సభ ఉండిపోయింది

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక స్త్రీ ఆమె. 1952 లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ ఏడాదే ప్రణాళికా సంఘంలో సభ్యత్వం వచ్చింది. 1953 జనవరిలో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగి ఢిల్లీలో స్థిరపడ్డారు.

ఈ లోపల మద్రాసు తెలుగు వాళ్ళ జీవితం తలకిందులైంది. 1952 అక్టోబరు 19న మైలాపూర్‌లో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో, పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15న అమరులయ్యారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరం దక్కలేదు. కార్యాలయాలు కదిలాయి, ఉద్యోగులు కదిలారు. నగరంలో పుట్టిపెరిగిన లక్షలాది తెలుగు వాళ్ళు మాత్రం ఒక్క రోజులో ఇంకొక రాష్ట్రపు భాషా అల్పసంఖ్యాకులయ్యారు.

ఇది మద్రాసు ఒక్కదాని కథ కాదు. అదే రోజున బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతకు ముందే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి తెలుగు వాళ్ళకు ఈ అనుభవం అయింది. 1954లో ఫ్రెంచి వాళ్ళ నుంచి విడివడిన యానాం, చుట్టూ తెలుగు జిల్లాలే ఉన్నా పుదుచ్చేరి పాలనలోనే ఉండిపోయింది. ఈ చోట్లన్నింటా తెలుగు సంఘాల ముందు ఒకే ప్రశ్న నిలబడింది. రాష్ట్రం అండ లేకుండా ఇక మనం ఎవరి కోసం, ఏం పని చేస్తాం?

మహిళా సభ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అది అప్పటికే ఆసుపత్రి నడుపుతోంది, శిక్షణ ఇస్తోంది. ఆసుపత్రి గుమ్మంలో ప్రసవవేదనతో వచ్చిన స్త్రీని నీ మాతృభాష ఏది అని ఎవరూ అడగరు. తెలుగు ఆడపిల్లల అవసరం కోసం మొదలైన సంస్థ ఊరందరి అవసరం తీర్చేదయింది. పేరులో ‘ఆంధ్ర’ అనే మాట అలాగే ఉంచుకుంది. తమిళనాడు రాజధానిలో ఆ పేరు నిలిచింది. ఊరికి కావలసిన పని జరుగుతున్న చోట పేరు మార్చుకోవలసిన అవసరం రాలేదు.

పోలియో పిల్లల కేంద్రం

చెన్నైలో సభ చేసిన పనుల్లో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఈశ్వరీ ప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రం. పోలియో వచ్చిన పిల్లలకు, పుట్టుకతో కాళ్ళూ చేతులూ సరిగా లేని పిల్లలకు ఇది ఆసరా అయింది.

ఈనాటి చిన్న వయసు తల్లిదండ్రులకు పోలియో అంటే చుక్కల మందు మాత్రమే గుర్తుకు వస్తుంది. మన తరానికి అలా కాదు. ప్రతి వీధిలోనూ కాలికి ఇనుప కడ్డీలు కట్టుకుని నడిచే పిల్లవాడో, చేతులతో పాకే పిల్లో ఉండేవాళ్ళు. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది.

పోలియో సోకిన కాలును మందుతో బాగుచేయలేం. ఆపరేషనుతో వంకర సరిచేసి, క్యాలిపర్లు అమర్చి, నెలల తరబడి వ్యాయామం చేయించాలి. పిల్లవాడు ఎదుగుతూ ఉంటాడు కాబట్టి క్యాలిపరు, బూటు మళ్ళీ మళ్ళీ మార్చాలి. ఒక్కసారి ఆసుపత్రిలో చేర్చి పంపేస్తే సరిపోదు, ఏళ్ళ తరబడి కనిపెట్టి ఉండాలి. అన్నాళ్ళు వైద్యం జరుగుతుంటే చదువు పోతుంది, అందుకని వైద్యం పక్కనే పాఠం కూడా కావాలి. కూలి చేసుకునే తల్లికి ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. అందుకే ఈ పిల్లలకు ఆపరేషను బల్లతో పాటు అవయవాలు తయారుచేసే వర్క్‌షాపు, వ్యాయామశాల, పలక బలపం అన్నీ ఒకే ఆవరణలో ఉండే కేంద్రాలు అవసరమయ్యాయి.

మైలాపూర్ పద్ధతి దేశానికి

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సేవాసంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఊరూరా ఉన్న చిన్న చిన్న మహిళా మండలులకు ప్రభుత్వ గ్రాంటు నేరుగా అందే దారి ఆ బోర్డుతో ఏర్పడింది.

1958లో బోర్డు పెద్ద వయసు స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ప్రవేశపెట్టింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు రెండేళ్ళలో బడి ఫైనలు స్థాయి చదువు చెప్పి పరీక్షకు పంపడం దీని ఉద్దేశం. మహిళా సభలో బెనారస్ మెట్రిక్‌కు చెప్పిన తరగతులను తెలిసినవాళ్ళకు ఇది ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. ఒక వీధి అవసరం చూసి కుదుర్చుకున్న పద్ధతి ఇరవై ఏళ్ళ తర్వాత దేశమంతటి పథకమయింది. గ్రామసేవికలుగా, నర్సులుగా, టీచర్లుగా పనిచేయడానికి చదువుకున్న స్త్రీలు దొరకని ఆ రోజుల్లో ఈ కోర్సులు పనికి వచ్చాయి. 1958లోనే ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. 1959లో దాని నివేదిక వచ్చింది.

హైదరాబాదులోనూ సభ విస్తరించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర మహిళా కళాశాల, విద్యానగర్ వైపు ఆసుపత్రి, అక్షరాస్యతా కార్యక్రమాలు అక్కడి తెలుగు వాళ్ళకు బాగా తెలిసినవే. 1975లో దుర్గాబాయికి పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. స్థాపకురాలు పోయి నాలుగు దశాబ్దాలు దాటినా చెన్నైలో సభ పేరు, పని రెండూ ఉన్నాయి.

ముఖ్య తేదీలు ఒకచోట

1909: దుర్గాబాయి జననం.
1921: కాకినాడలో గాంధీజీ పాల్గొన్న స్త్రీల సభ.
1930–33: ఉప్పు సత్యాగ్రహం, మూడుసార్లు జైలు.
1937: మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపన.
1942: లా పట్టా.
1946: రాజ్యాంగ సభ సభ్యత్వం.
1953: కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, ఆంధ్రరాష్ట్ర అవతరణ.
1958: స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు.
1975: పద్మవిభూషణ్.
1981: దుర్గాబాయి మరణం.

మన మహిళా విభాగాలు తీసుకోగలిగినవి

ఆసుపత్రి కట్టడం మనలో ఎవరికీ అయ్యే పని కాదు. సభ కూడా ఆసుపత్రితో మొదలుపెట్టలేదు. అది చేసిన మొదటి పని మాత్రం ఈనాడు ఏ ఊళ్ళోనైనా చేయవచ్చు.

మొదటిది, చదువు ఆగిన స్త్రీలను వెతకడం. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు స్త్రీలు, భివండీలో మరమగ్గాల కుటుంబాల ఇల్లాళ్ళు, హోసూరు, కోలారు వైపు కూలికి వెళ్ళే ఆడవాళ్ళు, రాయగడ, జయపురం నుంచి పెళ్ళయి వచ్చిన కోడళ్ళు, వీళ్ళలో పదో తరగతి పాసు కాని వాళ్ళు మనకు ఎదురుపడుతూనే ఉంటారు. అంగన్‌వాడీ ఉద్యోగం దగ్గర నుంచి నర్సు శిక్షణ వరకు అర్హత అడిగే చోటల్లా వాళ్ళు ఆగిపోతారు.

ఆనాడు బెనారస్ మెట్రిక్ ఉన్న చోట ఈనాడు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్ ఉంది. పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా సెకండరీ కోర్సులో చేరవచ్చు, గరిష్ఠ వయసు లేదు. ఐదు విషయాలు పాసు కావాలి. ఒకసారి చేరితే ఐదేళ్ళ వరకు గడువు, ఆ లోపల తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలు. ఒక్కొక్క విషయం విడివిడిగా పాసవుతూ పోవచ్చు. తెలుగును భాషగా తీసుకోవచ్చు. కొన్ని విషయాలు తెలుగు మాధ్యమంలోనూ ఉన్నాయి. చేరేముందు దగ్గరి అధ్యయన కేంద్రంలో ఏ మాధ్యమం అందుబాటులో ఉందో కనుక్కోవాలి. మన పిల్లలకు బడిలో తెలుగు దొరకని ఊళ్ళలో తల్లి తెలుగు పరీక్ష రాస్తే ఇంట్లో తెలుగు పుస్తకం తెరుచుకుంటుంది. ఇది భాషకు కూడా మేలు.

రెండోది, కూర్చునే చోటు, చెప్పే మనిషి. సంఘ భవనాలు వారంలో ఐదు రోజులు తాళం వేసి ఉంటాయి. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, ఇంటిపని కాస్త సర్దుకునే వేళ, లెక్కలు, ఇంగ్లీషు చెబితే చాలు. చంటిపిల్లలున్న తల్లులు వస్తే ఆ రెండు గంటలు పిల్లలను చూసుకోవడానికి ఒక పెద్దమ్మ ఉండాలి. ఈ ఏర్పాటు లేకపోతే మూడో వారానికి హాజరు సగం అవుతుంది.

మూడోది, కాగితాలు. మహిళా విభాగం తల్లి సంఘం కిందే పనిచేయవచ్చు. అయితే వేరే ఖాతా పుస్తకం, వేరే మినిట్సు పుస్తకం ఉండాలి. విడిగా రిజిస్టరు చేసుకోవాలంటే ఏడుగురు సభ్యులు కావాలి. తమిళనాడులో 1975 చట్టం, కర్ణాటకలో 1960 చట్టం కింద సంఘాల రిజిస్ట్రేషను జరుగుతుంది. ఒడిశా, యానాంలలో 1860 కేంద్ర చట్టం వర్తిస్తుంది. మహారాష్ట్రలో 1860 చట్టంతో పాటు 1950 పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడా నమోదు అవసరం. ఏటా లెక్కలు దాఖలు చేయని సంఘం గ్రాంటు అడగలేదు, విరాళం ఇచ్చేవాళ్ళకు ఆదాయపు పన్ను మినహాయింపు రశీదూ ఇవ్వలేదు.

నాలుగోది, తలుపు ఎవరికి తీయాలి అన్న ప్రశ్న. మన సభ్యత్వ రుసుముతో నడిచేది మన వాళ్ళకే ఉండాలని సర్వసభ్య సమావేశంలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. 2006లో తమిళనాడులో తమిళ బోధన చట్టం వచ్చాక అక్కడి తెలుగు విద్యార్థులు మాతృభాషలో పరీక్ష రాసే హక్కు కోసం కోర్టులకు వెళ్ళవలసి వచ్చింది. భాషకు ఇబ్బంది ఉన్న చోట ముందు మనవాళ్ళను చూసుకోవాలన్న ఆరాటం సహజం. అయితే మహిళా సభ అనుభవం దీనికి వేరే సమాధానం ఇస్తుంది. తెలుగు తరగతి తెలుగు వాళ్ళకు ఉండనివ్వండి. లెక్కల తరగతిలో, కుట్టుపనిలో, వైద్య శిబిరంలో పక్కింటి తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ స్త్రీ కూడా కూర్చోనివ్వండి. రేపు మన భవనానికి పట్టా సమస్య వచ్చినా, మన బడిలో తెలుగు టీచరు పోస్టు ఖాళీగా పడి ఉన్నా, మన తరపున మునిసిపాలిటీలో మాట్లాడేది ఆ ఇళ్ళ వాళ్ళే.

ఐదోది, తర్వాతి తరం. మహిళా సభ మొదలుపెట్టినప్పుడు దుర్గాబాయి వయసు ఇరవై ఎనిమిది. మన మహిళా విభాగాల కార్యవర్గాల్లో ఆ వయసు వాళ్ళు ఎందరున్నారో లెక్క చూసుకోవాలి. పాతవాళ్ళం సంతకాలు, రశీదులు, ఆఫీసుల చుట్టూ తిరగడం చూసుకుంటాం. ఏ పని చేయాలో, ఎవరి కోసం చేయాలో నిర్ణయించే కుర్చీ వాళ్ళకు ఇవ్వాలి.

ఎన్ఐఓఎస్ చేరికలు ఏటా రెండు విడతలుగా జరుగుతాయి. ఈ ఉగాది సభలో ఒక పది నిమిషాలు దీనికి కేటాయించి, మన వీధుల్లో పదో తరగతి రాయదలచుకున్న స్త్రీల పేర్లు రాసుకోవడంతో పని మొదలుపెట్టవచ్చు. పది పేర్లు వచ్చినా ఒక తరగతి నడుస్తుంది.